మడ్డి చల్లిన వసంతం

ఆ అక్టోబరులో, అంటే మా దక్షిణపు దేశంలో వసంతంలో, మా ఇంట్లో మంచినీళ్ళు తాగాలంటే నాకు భయం పట్టుకుంది. గ్లాసు ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టి చూసేదాన్ని. వాసన చూసేదాన్ని. ఆరేళ్ళ మా మిరియామా నన్ను చూసి తనూ గ్లాసు ఎత్తి, ఒక కన్ను మూసుకుని, "బాగానే ఉన్నాయమ్మా, చేపల్లేవు" అనేది.

మా ఇల్లు పారెరా మొగ ఒడ్డున, ఏరు సముద్రంలో కలిసే చోట ఉండేది. ఒక పక్క సముద్రపు పోటు వచ్చిపోయే బురద, ఇంకో పక్క పైన్ తోట. తోట అంటే అప్పటికి మూడేళ్ళ మొక్కలే. ఉత్త ఇసుక నేల కావడంతో మోకాలెత్తు కూడా లేవలేదు. ఆకులు పసుపు తిరిగి, జబ్బు చేసిన పిల్లల్లా నిలబడి ఉండేవి. పట్టణపు మురుగులోంచి తీసి, వేడి చేసి శుద్ధి చేసిన మడ్డిని వాటికి ఎరువుగా చల్లాలని కౌన్సిల్ నిర్ణయించింది. మడ్డి చల్లే ట్యాంకరు నడిపే పని నా భర్త బెవన్‌కు దొరికింది. కౌన్సిల్ చేత ఆ నిర్ణయం చేయించింది మాత్రం మా పెద్దమ్మ మకరేటా.

నన్ను పెంచింది పెద్దమ్మే. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. అంతకుముందు పట్టణపు మురుగంతా గొట్టంలో వచ్చి మా మొగలో పడేది. ఈ దేశపు మూలవాసులైన మా తాతలు గుల్లలు ఏరుకున్న చోట 'ఇక్కడి గుల్లలు తినరాదు' అని బోర్డు పాతారు. మనిషి విసర్జించింది నీళ్ళలో కలవకూడదు, దాన్ని మట్టికే అప్పజెప్పాలి, మట్టి మాత్రమే దాన్ని మార్చగలదు అని పెద్దమ్మ పాతికేళ్ళు కౌన్సిల్ మెట్లెక్కి దిగింది. చివరికి ఆ ఏడు గొట్టం మూశారు.

మొదటి ట్యాంకరు వచ్చిన రోజున మడత కుర్చీ తెచ్చుకుని తోట గట్టున కూర్చుంది. బెవన్ బండి ఆపి దిగాడు.

"ఏం పెద్దమ్మా, వాసన ఎలా ఉంది?"

"మీ కౌన్సిల్ మీటింగుల కంటే నయంగానే ఉంది."

"ఇందులో మీ వాటా కూడా ఉందేమో చూసుకోండి."

"మాది మా దొడ్లో గోతిలోనే ఉంటుందయ్యా. ఇది పట్నం వాళ్ళది. వాళ్ళు పండక్కి ఏం తిన్నారో నువ్వే చెప్పాలి."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. గొట్టంలోంచి నల్లటి చిక్కటి నీరు ముప్ఫై అడుగుల దూరం విల్లులా లేచి మొక్కల వరసల మీద పడింది. నాకు నవ్వు రాలేదు.

"నీ మొహం అలా ఉందేమే?" అంది పెద్దమ్మ.

"గాలి ఇటు తిరిగితే? మా ఇంటి కప్పు మీద పడ్డ నీళ్ళే కదా మేం తాగేది."

"తిరిగితే ఆపేస్తాం" అన్నాడు బెవన్. "గంటకోసారి గాలెంతుందో చూసి కాయితం మీద రాయాలి. ఇంత దాటితే గొట్టం కట్టెయ్యాలని రూలు. ఊరికే బెంగపడకు."

బెంగపడొద్దంటే పోయేదా అది. అప్పట్నుంచి పొద్దున లేస్తూనే చెట్ల కొసలు ఎటు ఊగుతున్నాయో చూడడం అలవాటైంది. బెవన్ బట్టలు వేరే తొట్టిలో నానబెట్టేదాన్ని. బూట్లు గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. పాపని తోట వైపు అడుగు పెట్టనివ్వలేదు. నేను పక్క పొలం కెన్నార్డ్ గారి దగ్గర పొద్దుటి పూట దూడలకు పాలు పట్టే పనికి వెళ్ళేదాన్ని. బడి సెలవులు కావడంతో దాన్ని ఇంట్లో వదలడం ఇష్టం లేక నాతోపాటు అక్కడికి తీసుకెళ్ళేదాన్ని.

సెలవులైపోయాక కూడా ఒకటి రెండు వారాలు, బడికి ముందు, నాతో వస్తానని మారాం చేసేది. సరేననేదాన్ని. తోట కంటే అదే నయమనిపించింది.

గాలి లేచింది ఒక గురువారం. మధ్యాహ్నం పెరట్లో బట్టలారేస్తున్నాను. కొండ వైపు నుంచి ఒక్కసారిగా వచ్చింది. తీగ మీది దుప్పటి తెరచాపలా ఉబ్బింది. ట్యాంకరు ఆగుతుందని చెవి ఒగ్గాను. ఆగలేదు. ఇంజను మోత అలాగే వినిపిస్తోంది. కాసేపటికి వాసన వచ్చింది. తర్వాత నా చెంప మీద తడి. చేత్తో తుడుచుకుని చూసుకుంటే ఏమీ లేదు, ఉత్త తడి. సముద్రపు తుంపరేమో అనుకుందామని చూశాను. కానీ గాలి సముద్రం వైపు నుంచి రావడంలేదు.

బట్టలన్నీ లాగి లోపల పడేసి మళ్ళీ ఉతకడానికి వేశాను. 

బెవన్ ఆరోజు పెందలాడే వచ్చాడు. లోపలికి రాకుండా నిచ్చెన తీసి గోడకు వేసుకున్నాడు. కప్పు మీది నీళ్ళను ట్యాంకులోకి దించే గొట్టాన్ని ఊడదీసి పక్కకు తిప్పేశాడు. తర్వాత కప్పంతా రబ్బరు పైపుతో కడగడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావ్?"

"పిట్టలు గూడు పెట్టాయి. చెత్తంతా పడుతోంది."

నా వైపు చూడలేదు. నేనూ ఇంకేం అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం. ఆ రాత్రి వంటకి నీళ్ళు మరిగించి వాడాను. కానీ సాయంత్రం స్నానం చేస్తూ పాప కొళాయి కింద నోరు పెట్టి తాగడం తర్వాత గుర్తొచ్చింది.

మంగళవారం మిరియామా కడుపునొప్పన్నది. బుధవారం తెల్లవారగానే బాత్రూంలోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. తలుపు అవతలి నుంచి చిన్న గొంతుతో, "అమ్మా, ఎర్రగా వచ్చింది" అంది.

మా పట్టణపు ఆసుపత్రిలో చేర్చాం. మొదటి రోజు సెలైను పెట్టారు. రెండో రోజు దాని మొహం ఉబ్బింది. మూడో రోజు డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచాడు. పేగుల్లో చేరిన ఒక క్రిమి తాలూకు విషం రక్తంలో కలిసిందనీ, అది మూత్రపిండాలను దెబ్బ తీస్తోందనీ చెప్పాడు. "నిన్నటి నుంచి పాపకి మూత్రం రాలేదు. ఇక్కడ మేం చెయ్యగలిగింది తక్కువ. రేపు పొద్దున విమానంలో ఉత్తరాదికి, పిల్లల పెద్దాసుపత్రికి పంపుతున్నాం" అన్నాడు.

బతుకుతుందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. బెవన్ అడిగాడు. "చాలామంది బతుకుతారు" అన్నాడు డాక్టరు. చాలామంది అన్న ఆ మాట పట్టుకుని, మిగతావాళ్ళెంతమంది అని లెక్కేసుకుంటూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం ఆరోగ్యశాఖ నుంచి ఇంగ్రిడ్ అనే ఆవిడ వచ్చింది. ఒళ్ళో కాయితాలు పెట్టుకుని, పాప వారం రోజుల్లో ఏమేం తిన్నది, ఎక్కడెక్కడ తిరిగింది అన్నీ అడిగింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో నేనూ, బెవనూ, పెద్దమ్మా కూర్చున్నాం.

"పశువులేమైనా ఉన్నాయా ఇంట్లో?"

"లేవు. నేను పక్క పొలంలో దూడలకు పాలు పడతాను."

"పాప కూడా వస్తుందా?"

"వస్తుంది గానీ, కంచె బయటే ఉంటుంది."

ఎందుకలా చెప్పానో ఇప్పటికీ నాకు తెలీదు. అది కంచె బయట ఉన్న రోజు ఒక్కటీ లేదు. దూడల నోట్లో వేళ్ళు పెట్టి చప్పరింపజేస్తూ కిలకిలా నవ్వేది. అదే చేత్తో నేనిచ్చిన రొట్టెముక్క తినేది. కానీ ఆ నిమిషంలో దూడలు నా బుర్రలోనే లేవు. నా చెంప మీది తడి ఒక్కటే ఉంది.

ఇంగ్రిడ్ కాయితం తిప్పింది. "తాగేనీళ్ళు?"

"కప్పు మీది వాననీళ్ళు" అన్నాను. అని బెవన్ వైపు చూశాను.

అతను మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి నేలకేసి చూస్తున్నాడు. చూస్తూనే చెప్పాడు.

"పోయిన గురువారం గాలి ఎక్కువుంది. ట్యాంకరులో ఇంకా సగం ఉంది. వారాంతం మూడు రోజుల సెలవొస్తోంది, ఎలాగైనా ఖాళీ చేసి రమ్మని మేస్త్రీ ఫోన్ చేశాడు. చేశాను. తుంపర మా ఇంటి మీదకి పోవడం కళ్ళతో చూశాను. కాయితంలో గాలి తక్కువ చేసి రాశాను."

ఇంగ్రిడ్ పెన్సిలు ఆగింది. "పాపకి జబ్బు చేసి మూడు రోజులైంది. ఇప్పుడా చెబుతున్నారు?"

"తగ్గిపోతుందనుకున్నాను."

 ఇంగ్రిడ్ పెద్దమ్మ వైపు చూసింది. ఆ చుట్టుపక్కల పెద్దమ్మను ఎరగనివాళ్ళు లేరు. "మకరేటా గారూ, ఇది రాస్తే మడ్డి చల్లడం రేపే ఆపేస్తారు. ఆపితే ఆ మురుగంతా ఎక్కడికి పోతుందో మీకు తెలుసు."

"తెలుసు. మళ్ళీ గొట్టం తెరుస్తారు." పెద్దమ్మ గొంతు మామూలుగానే ఉంది గానీ, ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "రాసుకోమ్మా. ఒక్క ముక్క వదలకు. పాతికేళ్ళు నేను వాళ్ళని నిజం చెప్పమనే కదా అడిగింది."

బెవన్ లేచి పాప గది వైపు నడిచాడు. నేను అడ్డంగా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"దాన్ని ముట్టుకోకు" అన్నాను.

అతను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

పెద్దాసుపత్రిలో మూత్రపిండాల పని జరిపించడానికి మిరియామా పొట్టకు గొట్టం వేసి రోజుకు ఎన్నోసార్లు ద్రవం ఎక్కించి దించేవారు. మూత్రానికి వేరే చిన్న సంచీ మంచానికి వేలాడుతుండేది. గంటకోసారి నర్సు వచ్చి వంగి, సంచీ చూసి, కాయితం మీద సున్నా వేసి వెళ్ళేది. ఆ సున్నాలు ఒకదాని కింద ఒకటి వరసగా దిగుతుంటే నేను చూస్తూ కూర్చునేదాన్ని. పాప పెద్దగా మాట్లాడేది కాదు. దాహం అనేది. ఇవ్వకూడదు. పెదవులు తడిపేదాన్ని. ఒకసారి మగతలో, "నాన్నెందుకు దూరంగా కూర్చున్నాడు?" అని అడిగింది. "జలుబు చేసింది" అన్నాను.

బెవన్ కిటికీ దగ్గర కుర్చీలో ఉండేవాడు. మాటిమాటికీ వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేవాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు ఊరింది. నాకు కనిపించింది. చూడనట్టే ఊరుకున్నాను. అతని మీది కోపమే నన్ను కాళ్ళ మీద నిలబెట్టిందేమో. అది లేకపోతే భయం ఒక్కటే మిగిలేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వార్డు ఫోనుకు నా పేరు మీద పిలుపొచ్చింది. ఇంగ్రిడ్.

"పాపలో దొరికిన క్రిమి మీ ట్యాంకు నీళ్ళలో లేదు. కప్పు మీదా లేదు. మడ్డి నమూనాలు కూడా అన్నీ చూశాం, ఎక్కడా లేదు. కెన్నార్డ్ గారి దూడల్లో మూడింటిలో ఉంది. అచ్చంగా అదే." కొంచెం ఆగి, "పాప కంచె బయటే ఉంటుందన్నారు..." అంది.

"అవును" అన్నాను.

"సరే. ఎలా అంటుకుందో అన్నీ తెలియాలని లేదు. పాప ఎలా ఉంది?"

ఏం చెప్పానో గుర్తులేదు. ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని నిలబడ్డాను. గది అద్దంలోంచి బెవన్ కనిపిస్తున్నాడు. పగిలిన చేతులు తొడల మీద బోర్లించుకుని, మంచానికి రెండు గజాల దూరంలో. లోపలికెళ్ళి చెప్పడానికి పది అడుగులు. వెయ్యలేకపోయాను. అతన్ని నేనెలా చూశానో నాకు తెలుసు. ఆ చూపే ఇప్పుడు నా మీదికి తిరుగుతుందని కాళ్ళు కదల్లేదు.

ఆ పూట చెప్పలేదు. ఆ రాత్రీ చెప్పలేదు. పక్క పక్క కుర్చీల్లో కూర్చుని ఆసుపత్రి సూపు తాగాం. అతను నా గ్లాసులో నీళ్ళు పోశాడు. అప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున నర్సు పాపకి పక్క మారుస్తూ మమ్మల్ని బయట కూర్చోమంది. వరండాలో చెప్పాను. దూడల గురించి, వేళ్ళ గురించి, రొట్టెముక్క గురించి, ఇంగ్రిడ్‌కు నేను చెప్పిన అబద్ధం గురించి. ఏదీ మిగల్చలేదు.

బెవన్ తన పగిలిన చేతులకేసి చూసుకున్నాడు.

"ఫోనెప్పుడొచ్చింది?"

"నిన్న మధ్యాహ్నం."

తలూపాడు. "నేను మూడు రోజులు దాచాను" అన్నాడు. "నువ్వు ఒక రోజు."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. కనిపించలేదు. ఉంటే తేలిగ్గా ఉండేది.

"లోపలికి వెళ్ళి దాని పక్కన కూర్చో" అన్నాను.

"మరి నువ్వు?"

"నేనూ వస్తాను."

పదకొండో రోజు పొద్దున నర్సు సంచీ చూడడానికి వంగి, అలాగే ఉండిపోయింది.  ఆమె సంచీ ఊడదీసి కొలత గ్లాసులోకి వంపి వెలుతురుకు ఎత్తి పట్టింది. అడుగున చెంచాడు చిక్కటి గోధుమరంగు నీళ్ళు.

"పన్నెండు మిల్లీలీటర్లు" అంది.

బెవన్ మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు. మిరియామా కళ్ళు తెరిచి, "నాన్నకి జలుబు ఇంకా తగ్గలేదా?" అంది.

డిసెంబరు మొదటి వారంలో ఇంటికొచ్చాం. మూత్రపిండాలు సగమే పనిచేస్తాయన్నారు. జన్మంతా ఏడాదికోసారి చూపించుకోవాలి. ఉప్పు తగ్గించాలి. పాప గట్టున నడుస్తూ మధ్యలో ఆగి ఆయాసపడుతుంటే చూడలేకపోయేదాన్ని. బెవన్‌ను పనిలోంచి తీసేశారు. జబ్బుకి కారణం అతను కాదని తేలినా, కాయితంలో గాలి తప్పు రాసింది నిజమే. తీసేసినందుకు అతనేమీ అనలేదు. కోత మిల్లులో కూలికి కుదిరాడు. తోటలో మడ్డి ఆగిపోయింది. చల్లినంత మేర మొక్కలు ముదురాకుపచ్చగా మోకాలెత్తు లేచాయి, మిగతావి అలాగే పసుపుగా ఉన్నాయి. గొట్టం మళ్ళీ తెరవాలని కౌన్సిల్లో తీర్మానం పెట్టారు. దానిమీద మా వాళ్ళ మాట వినడానికి, మా సభలూ చావులూ జరిగే మరాయెకు అధికారులు వస్తారని కబురొచ్చింది.

ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట. మకరేటా తెచ్చిన మడ్డి ఆమె మనవరాలి ప్రాణం మీదికే తెచ్చిందని. ఆరోగ్యశాఖ కాయితంలో 'సమీపంలోని ఒక పశువుల పాక' అని మాత్రం ఉంది. దాన్ని ఎవరూ నమ్మలేదు. కౌన్సిల్ వాళ్ళు కప్పిపుచ్చుతున్నారన్నారు.

ఆ సభకు ముందురోజు పెద్దమ్మ మా వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"నేను చెప్పాలంటావా?" అని అడిగాను.

"నేననను."

"చెప్పకపోతే గొట్టం తెరుస్తారు."

"తెరుస్తారు." దుంప తిప్పి ఇంకో పక్క చెక్కు తీసింది. "వాళ్ళందరి ముందూ నిలబడి నా పిల్లని నేనే దూడల దగ్గరికి తీసుకెళ్ళానని చెప్పమని నేనెట్లా అడుగుతానే? నా మొగ కోసమా? నా వల్ల కాదు. నేనడగను."

సభనాడు మరాయె ఇల్లు నిండింది. గోడల వెంట పరుపులు వేసి ఉన్నాయి, వాటి మీద ముసలివాళ్ళు కూర్చున్నారు. కెన్నార్డ్ గారు తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆయన దూడల్ని అధికారులు అప్పటికే తీసుకుపోయారు. ఒకరి తర్వాత ఒకరు లేచి మడ్డి వద్దన్నారు. ఇసుకలో పాతిపెట్టినా సరే, సముద్రంలో పోసినా సరే, మా పిల్లల నెత్తిన మాత్రం వద్దన్నారు. ఒకాయన బెవన్ వైపు వేలు చూపించి మాట్లాడాడు. బెవన్ తల దించుకుని విన్నాడు. పెద్దమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు.

నేను లేచాను. గౌను ముడతలు పట్టుకున్నాను. అంతమంది మొహాలూ ఒక్కసారి నా వైపు తిరిగేసరికి ఆసుపత్రిలో కూడా నాకు అంత భయం వెయ్యలేదనిపించింది.

"మా పాపకి జబ్బు తోటలోంచి రాలేదు" అన్నాను. "దూడల పాకలోంచి వచ్చింది. దాన్ని అక్కడికి తీసుకెళ్ళింది నేను. తోటంటే భయపడి తీసుకెళ్ళాను. ముట్టుకోనిచ్చింది నేను. చేతులు కడగకుండా రొట్టె పెట్టింది నేను. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. గాలి ఉన్నప్పుడు చల్లడం తప్పే. అది మా ఆయన ఒప్పుకున్నాడు. కానీ మా పాపకి ఇలా అయింది దానివల్ల కాదు."

చెప్పడం అయ్యాక కూడా నిలబడే ఉన్నాను.

మా దగ్గర ఎవరైనా మాట్లాడాక వాళ్ళ వాళ్ళు లేచి పక్కన నిలబడి పాట అందుకోవాలి. పాట లేకపోతే ఆ మాట ఒంటరిదైపోతుంది. ఎవరూ లేవలేదు. కెన్నార్డ్ గారు టోపీ అంచు తిప్పుతున్నారు. ఎవరో దగ్గారు. పెద్దమ్మ లేవడానికి గోడ పట్టుకుంది గానీ, ఆమె మోకాళ్ళు ఒక పట్టాన సహకరించవు.

ఈలోగా వెనక వరసలోంచి బెవన్ వచ్చాడు. పుట్టుకతో మావాడు కాదు, పదేళ్ళు మా మధ్య ఉండి కూడా మా భాషలో నాలుగు మాటలు నేర్చుకోనివాడు. వచ్చి నా పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. జేబుల్లోంచి చేతులు తీశాడు.

కూర్చున్న చోటినుంచే పెద్దమ్మ పాట అందుకుంది. తర్వాత ఇంకో గొంతు, ఇంకోటి. బెవన్‌కు ఆ మాటలు రావు. పెదవులు కదిపాడు.